పిల్లి కూనకు పొడి ఆహారం: ప్యాకెట్ వెనుకవైపు ఉండే లెక్క

పుట్టినప్పుడు సుమారు 100 గ్రాములు తూగే పిల్లి కూన, తల్లిపాలు సక్రమంగా అందినట్లయితే, ఎనిమిది వారాలు నిండేసరికి ముప్పావు కిలోకు అటూ ఇటూగా చేరుకుంటుంది. ఆరు నెలలకు రెండున్నర, మూడు కిలోల జంతువై, ఏడాది తిరిగేసరికి పెరుగుదలను దాదాపు పూర్తి చేసుకుంటుంది. ఎముకలు, కండరాలు, కంటిచూపు, గుండె, రోగనిరోధక శక్తి అన్నీ ఈ కొద్ది నెలల్లోనే రూపు కట్టవలసి ఉన్నందున, ఈ దశలో తిండిలో ఏర్పడిన లోటు తరువాత ఎంత మంచి ఆహారం పెట్టినా పూర్తిగా పూడకపోవచ్చు. హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాల్లోనే కాక చిన్న పట్టణాల్లో కూడా పిల్లి ఆహారపు ప్యాకెట్లు కిరాణా కొట్ల అరల దాకా వచ్చాయి. కిలో రెండు మూడు వందల రూపాయల సరుకు పక్కనే వెయ్యి రూపాయలు దాటే సరుకు కూడా కనిపిస్తుంటే, ఏది కొనాలో తేల్చుకోలేక చాలామంది ప్యాకెట్ ముందువైపు బొమ్మను, దుకాణదారుడి మాటను నమ్ముకుంటారు. అసలు సమాచారం వెనుకవైపు, చిన్న అక్షరాల్లో ఉంటుంది. దానిని చదవడం తెలిసినవారికి మధ్యస్థమైన ధరలోనే కూనకు సరిపడే ఆహారం దొరుకుతుంది.

ఆ చిన్న అక్షరాలు అర్థం కావాలంటే ముందుగా పిల్లి దేహధర్మం తెలియాలి. పిల్లి అనివార్య మాంసాహారి, అనగా మాంసం ఇష్టంగా తినడమే కాక, మాంసంలో మాత్రమే తగినంతగా దొరికే కొన్ని పోషకాలు లేకుండా బతకలేని జంతువు. మనిషి దేహం క్యారెట్‌లోని బీటా కెరోటిన్‌ను ఎ విటమిన్‌గా మార్చుకోగలదు, పిల్లి దేహం మార్చుకోలేదు. ఎండలో కూర్చున్నా పిల్లి చర్మంలో డి విటమిన్ తగినంత తయారు కాదు. అరాకిడోనిక్ ఆమ్లమనే కొవ్వు ఆమ్లాన్ని అది జంతువుల కొవ్వు నుంచే పొందాలి. ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం, అంటే మాంసకృత్తులను కట్టే మూల పదార్థాలలో ఒకటి, పూర్తిగా లోపించిన ఆహారాన్ని ఒక్క పూట తిన్నా, కొన్ని గంటల్లోనే రక్తంలో అమోనియా పేరుకుని పిల్లి ప్రమాదంలో పడుతుందని పరిశోధకులు 1970ల చివరలోనే నిరూపించారు.

వీటన్నిటిలో టారిన్ కథను కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే నేడు దుకాణాల్లో దొరికే ప్రతి మంచి పిల్లి ఆహారం వెనుకా ఆ కథ ఉంది. టారిన్ మాంసంలో, చేపల్లో, ముఖ్యంగా గుండెకాయ వంటి అవయవాల్లో సమృద్ధిగా ఉండే ఒక పదార్థం. మొక్కల ఆహారంలో అది దాదాపు ఉండదు. కుక్క సాధారణంగా తన అవసరానికి సరిపడా టారిన్‌ను తానే తయారు చేసుకుంటుంది, పిల్లి చేసుకోలేదు. టారిన్ లేని ఆహారం మీద పెరిగిన పిల్లుల్లో కంటి లోపలి తెర, అనగా రెటీనా, క్షీణించి చూపు పోతుందని 1975లో వెల్లడైంది. అంతకన్నా పెద్ద హెచ్చరిక 1987లో వచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో పశువైద్యుడు పాల్ పయాన్, ఆయన సహచరులు గుండె కండరం సాగి బలహీనపడే జబ్బుతో వచ్చిన పిల్లులను పరిశీలించి, వాటి రక్తంలో టారిన్ బాగా తక్కువగా ఉందని, టారిన్ ఇచ్చినప్పుడు గుండె తిరిగి కోలుకుంటోందని కనుగొన్నారు. ఆ పిల్లులు తిన్నది మిగిలిన అన్నమూ కూరా కాదు, నాటి ప్రమాణాల ప్రకారం తగినంత టారిన్ ఉన్న కంపెనీ ఆహారాలే. ఆ పరిశోధన తరువాత తయారీదారులు టారిన్ మోతాదును పెంచారు, దానితో అంతవరకు తరచుగా కనిపించిన ఆ గుండె జబ్బు అరుదైపోయింది. పిల్లి ఆహారానికి ప్రమాణాలు ఎందుకు, అవి ఎప్పటికప్పుడు ఎందుకు మారాలి అనే ప్రశ్నలకు ఇంతకంటే స్పష్టమైన జవాబు అక్కరలేదు.

తెలుగు ఇళ్లలో పిల్లికి అనాదిగా పెడుతున్న పాలన్నం, పెరుగన్నం, చేప తలలు, చికెన్ కొట్టు నుంచి తెచ్చిన పేగులు, కార్జం వంటివాటిని ఈ వెలుగులో చూడాలి. పెరట్లో తిరిగే పిల్లి ఎలుకను, తొండను, పిట్టను ఎముకలతో సహా తిని అన్నంలో లేనిదాన్ని అక్కడ భర్తీ చేసుకునేది. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో పెరిగే కూనకు ఆ అవకాశం లేదు. పాలు మరిచే వయసు దాటిన కొద్దీ పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించే శక్తి తగ్గిపోతుంది కనుక, ఆవు పాలు, గేదె పాలు చాలా కూనలకు విరేచనాలు కలిగిస్తాయి. ఎముక లేని మాంసం మాత్రమే పెట్టినా ప్రమాదమే: అందులో భాస్వరం ఎక్కువ, కాల్షియం అత్యల్పం, ఆ లోటు తీర్చుకోవడానికి దేహం ఎముకల్లోని కాల్షియాన్ని లాగేసుకుంటుంది, చివరకు చిన్న గెంతుకే కాలు విరిగే స్థితి వస్తుంది. రోజూ కార్జమే పెడితే అందులోని ఎ విటమిన్ విషమవుతుంది. కొన్ని రకాల పచ్చి చేపల్లో ఉండే ఒక ఎంజైము బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది. కూరలోని ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను చిట్లజేస్తాయి. ప్రేమతో పెట్టిన తిండి పెట్టినవారికి తెలియకుండానే కూనకు కీడు చేయడం బాధాకరమైన విషయం కనుకనే, చవకైనదైనా సంపూర్ణమైన పొడి ఆహారం ఇంటి తిండి కంటే మెరుగని పశువైద్యులు చెబుతారు.

పొడి ఆహారం తయారీలో మాంసపు పొడి, ధాన్యపు పిండి, కొవ్వు, విటమిన్లు, ఖనిజాలు కలిపి ముద్ద చేసి, ఆవిరితో, ఒత్తిడితో ఉడికించి, అచ్చు రంధ్రాల గుండా బయటికి నెట్టి, చిన్న గుళికలుగా కోసి ఆరబెడతారు. ఆపైన పిల్లి మెచ్చే వాసన కోసం కొవ్వును, మాంసపు ద్రవాన్ని పూతగా చల్లుతారు. గుళిక విరగకుండా నిలబడాలంటే పిండి పదార్థం కావాలి కనుక మొక్కజొన్న, బియ్యం, గోధుమ లేదా వాటికి బదులుగా బఠాణీ, దుంపలు అందులో తప్పక ఉంటాయి. ధాన్యం లేదని చెప్పి ఎక్కువ ధరకు అమ్మే రకాల్లోనూ ఏదో ఒక పిండి ఉండే తీరుతుంది; బాగా ఉడికిన పిండిని పిల్లి చక్కగా అరిగించుకోగలదు కాబట్టి, ఆ ఒక్క మాట కోసం డబ్బు ఎక్కువ పెట్టడం అనవసరం. అలాగే గుళికల ఎరుపు, ఆకుపచ్చ రంగులు కొనేవారి కంటి కోసమే తప్ప పిల్లి కోసం కాదు. తీపి రుచిని గుర్తించే జన్యువు పిల్లుల్లో పనిచేయదని ఫిలడెల్ఫియాలోని మోనెల్ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2005లో తేల్చారు కనుక, పాల రుచి, తీపి రుచి అనే ప్రకటనలకూ విలువ లేదు. దేశంలోనే తయారయ్యే సరుకు, దూరదేశం నుంచి దిగుమతి అయ్యే సరుకంత ఖరీదు కానక్కరలేదు. తెలంగాణలోని సిద్దిపేట జిల్లాలో మార్స్ సంస్థకు పెంపుడు జంతువుల ఆహార కర్మాగారం ఉంది. భారతదేశంలోనే పుట్టిన డ్రూల్స్ వంటి పేర్లు కూడా మార్కెట్టులో నిలదొక్కుకున్నాయి. విదేశీ పేరు, అధిక ధర నాణ్యతకు హామీలు కావు.

ప్యాకెట్ వెనుక మొట్టమొదట వెతకవలసింది ఆ ఆహారం ఏ వయసుకు సంపూర్ణమో తెలిపే వాక్యం. 'సంపూర్ణ, సమతుల ఆహారం' అంటే నీరు తప్ప వేరేదీ పెట్టకపోయినా ఆ వయసు జంతువుకు అవసరమైన పోషకాలన్నీ అందులో ఉన్నాయని అర్థం. 'పూరక ఆహారం' అంటే అది చిరుతిండి మాత్రమే. కూనల కోసం, పెరుగుదల దశ కోసం, లేదా అన్ని వయసుల కోసం అని స్పష్టంగా రాసి ఉండాలి. ఎదిగిన పిల్లులకు అని రాసినది కూనకు చాలదు, కుక్క ఆహారం ఎంతమాత్రమూ పనికిరాదు. అమెరికాలోని పశుదాణా నియంత్రణ అధికారుల సంఘం, పొట్టి పేరుతో ఆఫ్కో, ఈ విషయంలో అనేకమంది తయారీదారులు ఆధారంగా తీసుకునే కొలతలను ప్రకటించింది. వాటి ప్రకారం తేమ తీసివేసిన పదార్థంలో కూనలకు కనీసం 30 శాతం మాంసకృత్తులు, 9 శాతం కొవ్వు, 1 శాతం కాల్షియం, పొడి ఆహారంలో 0.1 శాతం టారిన్ ఉండాలి. ఎదిగిన పిల్లికి మాంసకృత్తులు 26 శాతం చాలు. ఇవి కనీసపు హద్దులు మాత్రమే కనుక, మంచి కూన ఆహారాల్లో మాంసకృత్తులు, కొవ్వు వీటికంటే ఎక్కువే ఉంటాయి. పదార్థాల జాబితాలో టారిన్ పేరు విడిగా కనిపించకపోతే ఆ ప్యాకెట్‌ను తిరిగి అరలో పెట్టడం మంచిది.

ప్యాకెట్ మీది పోషకాల పట్టికలో కనిపించే 'ముడి మాంసకృత్తులు' అనే మాటను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఆహారంలోని మాంసకృత్తులను ప్రయోగశాలలో నేరుగా కొలవరు. డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త యోహాన్ కెల్డాల్ 1883లో రూపొందించిన పద్ధతిలోనో, దాని వంటి మరో పద్ధతిలోనో నైట్రోజన్‌ను కొలిచి, దానిని 6.25తో హెచ్చవేసి మాంసకృత్తులుగా లెక్కిస్తారు. ఈ లెక్కకు నైట్రోజన్ కోడిమాంసం నుంచి వచ్చిందా, మొక్కజొన్న మాంసకృత్తు అయిన గ్లూటెన్ నుంచి వచ్చిందా, ఈకల పొడి నుంచి వచ్చిందా అనేది తెలియదు. ఆ లోపాన్ని వాడుకుని చైనాలోని సరఫరాదారులు గోధుమ గ్లూటెన్‌లో మెలమిన్ అనే పారిశ్రామిక రసాయనాన్ని కలిపి మాంసకృత్తుల శాతం ఎక్కువగా కనిపించేలా చేయగా, 2007లో ఉత్తర అమెరికాలో ఆ సరుకుతో చేసిన ఆహారం తిన్న పిల్లులు, కుక్కలు మూత్రపిండాలు చెడి పెద్ద సంఖ్యలో చనిపోయాయి, వందకు పైగా రకాల ఆహారాలను మార్కెట్టు నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అందువల్ల శాతాన్ని చూసి ఆగిపోకుండా, అది ఏ పదార్థం నుంచి వచ్చిందో జాబితాలో చూడాలి.

పదార్థాలను సాధారణంగా బరువు ఎక్కువైనదాని నుంచి తక్కువైనదానికి వరుసగా రాస్తారు. మొదటి రెండు మూడు పేర్లలో కోడి, చేప, గుడ్డు వంటి జంతు పదార్థాలు ఉండటం మంచి గుర్తు. అయితే తాజా కోడిమాంసంలో ముప్పాతిక వంతుకు దగ్గరగా నీరే ఉంటుంది కనుక, మొదటి స్థానంలో కనిపించిన 'తాజా కోడిమాంసం' ఆరిన తరువాత చాలా తక్కువగా మిగులుతుంది. నీరు తీసిన 'కోడిమాంసపు పొడి' వినడానికి నాసిరకంగా అనిపించినా బరువుకు బరువు ఎక్కువ మాంసకృత్తులను ఇస్తుంది. మొక్కజొన్న, మొక్కజొన్న గ్లూటెన్, మొక్కజొన్న పిండి అని ఒకే ధాన్యాన్ని మూడు పేర్లుగా విడగొట్టి జాబితాలో కిందికి దించే పద్ధతీ ఉంది. వాటిని కలిపి చూస్తే ఆ ఆహారంలో అసలు సింహభాగం దేనిదో తెలుస్తుంది. ఉప ఉత్పత్తులు అని రాసిన అవయవ భాగాలను చూసి కంగారు పడనక్కరలేదు, ఎలుకను తినే పిల్లి వాటినీ తింటుంది. ఇక 'సముద్రపు చేప రుచి' అనే పెద్ద అక్షరాలు రుచిని గురించి చెబుతాయే కాని అందులో చేప ఎంత ఉందో చెప్పవు.

ధర విషయంలో ఎక్కువమంది పొరబడేది కిలో ధరలను పోల్చడంలోనే, ఎందుకంటే పిల్లి తినేది కిలోలను కాదు, కేలరీలను. తనకు కావలసిన శక్తి అందేవరకు తింటుంది, కాబట్టి పలచటి ఆహారమైతే ఎక్కువ తింటుంది. కిలో 370 రూపాయల రకంలో మాంసకృత్తులు 28 శాతం, కొవ్వు 9, పీచు 4, తేమ 10 శాతం ఉన్నాయని, కిలో 400 రూపాయల రకంలో మాంసకృత్తులు 34, కొవ్వు 16, పీచు 3, తేమ 10 శాతం ఉన్నాయని అనుకుంటే, ఖనిజాల భాగమైన బూడిదను రెండింటికీ 8 శాతంగా తీసుకుని, అన్నిటినీ నూరులోంచి తీసివేయగా మిగిలే పిండి పదార్థం మొదటిదానిలో 41 శాతం, రెండోదానిలో 29 శాతం అవుతుంది. పెంపుడు జంతువుల ఆహారానికి వాడే లెక్క ప్రకారం గ్రాము మాంసకృత్తికి 3.5, కొవ్వుకు 8.5, పిండికి 3.5 కిలోకేలరీలు చొప్పున కడితే, 100 గ్రాములకు మొదటిది 318, రెండోది దాదాపు 357 కిలోకేలరీలను ఇస్తుంది. మూడు నెలల వయసులో 1.2 కిలోలున్న కూనకు, కిలో బరువుకు సుమారు 200 చొప్పున, రోజుకు 240 కిలోకేలరీలు కావాలి. అందుకు మొదటి రకం 75 గ్రాములు, రెండో రకం 67 గ్రాములు పెట్టాలి. నెలకు మొదటిదానికి దాదాపు 840 రూపాయలు, రెండోదానికి దాదాపు 810 రూపాయలు ఖర్చవుతాయి. ఖరీదుగా కనిపించినదే చవకైనదిగా తేలింది, పైగా కూనకు మాంసకృత్తులు ఎక్కువ అందుతాయి. తరాజు పక్కన కాగితం, పెన్సిలు పెట్టుకుని అయిదు నిమిషాలు ఈ లెక్క వేసుకున్న ఇంటివారు ఏడాదిలో కొంతైనా ఆదా చేసుకుంటారు. కొన్ని ప్యాకెట్లు కేలరీలను నేరుగానే ముద్రిస్తాయి, అప్పుడు పని మరింత తేలిక.

పెద్ద సంచి కొంటే కిలో ధర తగ్గుతుందన్నది నిజమే కాని, ఆ ఆదాకు ఒక హద్దు ఉంది. సంచి విప్పిన క్షణం నుంచి పూతగా ఉన్న కొవ్వు గాలి తగిలి చెడుతుంది, విటమిన్ల బలం తగ్గుతుంది. కోస్తా జిల్లాల ఉక్కపోతలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. విప్పిన సంచిని ఆరు వారాల్లో ముగించాలనే సూత్రం ప్రకారం, పైన చెప్పిన కూన తినేది సుమారు మూడు కిలోలే కనుక, ఒక్క కూన ఉన్న ఇంటికి మూడు కిలోల సంచికి మించినది గిట్టుబాటు కాదు. గుళికలను డబ్బాలో ఒంపకుండా, సంచితో సహా మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో పెడితే చీమలు, తేమ చేరవు, తయారీ తేదీ, గడువు తేదీ కూడా కంటికి కనిపిస్తూ ఉంటాయి. కొన్ని దుకాణాల్లో పెద్ద బస్తా విప్పి, కిలోల లెక్కన లూజుగా అమ్మే సరుకును, ధర ఎంత తక్కువైనా, కొనకపోవడమే క్షేమం: అది ఏ కంపెనీదో, కూనలదో పెద్ద పిల్లులదో, ఎప్పుడు విప్పిందో తెలుసుకునే దారి లేదు, ముక్కిపోయిన నూనె వాసన వేస్తుంటే ఆ గుళికలు అప్పటికే పాడైనట్లు.

పెట్టే పద్ధతి గురించి చెప్పవలసింది తక్కువే. నాలుగు వారాలు నిండని కూనకు గుళికలు పెట్టరాదు. నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి మెత్తగా చేసి పెట్టి, మిగిలినదాన్ని గంటా రెండు గంటల్లో తీసివేయాలి. ఆరు నెలల వరకు రోజుకు మూడు నాలుగు పూటలుగా, తూచిన కొలతలోనే పెట్టడం మంచిది. ఒక రకం నుంచి మరో రకానికి మారేటప్పుడు వారం పది రోజులపాటు కొద్దికొద్దిగా కలుపుతూ పోవాలి. పొడి ఆహారంలో నీరు సుమారు పది శాతమే, పిల్లులేమో ఎడారి ప్రాంతాల అడవి పిల్లుల సంతతి కనుక దాహాన్ని ఆలస్యంగా గుర్తిస్తాయి. తిండి గిన్నెకు దూరంగా ఒకటి రెండు చోట్ల నీళ్లు పెట్టాలి, గుళికల మీద కొంచెం నీరు చల్లినా తప్పులేదు. ఉప్పూ కారమూ లేకుండా ఉడికించిన కోడిమాంసం, గుడ్డు అప్పుడప్పుడు పెట్టవచ్చు, కాని అది రోజువారీ కేలరీల్లో పదో వంతు దాటితే సంపూర్ణ ఆహారపు తూకం చెడుతుంది. పొట్ట ఉబ్బి, బరువు పెరగని కూనకు ఖరీదైన ఆహారం వెతకడానికి ముందు పశువైద్యునికి చూపించి నులిపురుగుల మందు వేయించాలి. చిన్న కూన ఒక రోజంతా ఏమీ తినకపోతే ఆ రోజే వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లాలి.

వారానికి ఒకసారి వంటింటి తరాజు మీద కూనను తూచి రాసుకుంటే, ఎంచుకున్న ఆహారం సరైనదా కాదా అన్నది ఏ ప్రకటనకన్నా నమ్మకంగా తెలుస్తుంది. తొలి నెలల్లో వారానికి వంద గ్రాములకు అటూ ఇటూగా పెరుగుతూ, బొచ్చు మెరుస్తూ, మలం గట్టిగా ఉంటే మధ్యరకం ధర ఆహారాన్ని మార్చవలసిన పని లేదు. పెరుగుదల దశకు సంపూర్ణమనే మాట, టారిన్ పేరు, తయారీ తేదీ, ఈ మూడూ లేని ప్యాకెట్‌ను ఎంత చవకగా వచ్చినా కూన కోసం కొనకూడదు.